కాయితం పట్టు

"చెయ్యి తియ్యి! ఓ అయ్యా, చెయ్యి తియ్యవయ్యా!"

అమృతమ్మ పెట్టిన కేకకు లాలాపేట్ గల్లీలో గోడల మీది కాకులన్నీ లేచిపోయాయి గానీ, కట్టుకున్న మొగుడు మాత్రం తల ఎత్తలేదు. ఇన్నయ్య ఎడమచేత్తో క్లారినెట్ మీట పట్టుకుని, కుడిచేత్తో దాని మెత్త అతికించే లక్కముక్కను స్పిరిట్ దీపం మీద కరిగిస్తున్నాడు. లక్క కరిగి కారిపోయి చాలాసేపయింది. ఇప్పుడు మంటలో ఉన్నది ఆయన చూపుడువేలు.

ఆమె చేతికందిన చెంబెడు నీళ్లూ దీపం మీద, చేతి మీద, పరిచిన గోనెపట్టా మీద ఒకేసారి కుమ్మరించింది. దీపం ఆరిపోయింది.

"ఏమైందే?" అన్నాడు ఇన్నయ్య. కోపంతో కాదు, నిజంగానే తెలియక అడిగాడు.

అమృతమ్మ ఆ చెయ్యి పట్టుకుని ఆయన కళ్ల ముందు పెట్టింది. వేలి కొసన తోలు తెల్లబడి పొంగింది, అంచు నల్లగా మాడింది. పొరుగువాడి వేలు చూసినట్టు కాసేపు చూశాడాయన.

"గిదెప్పుడు కాలింది?" అన్నాడు.

గోడ అవతల నుంచి చిట్టెమ్మ గొంతు వినిపించింది. పక్కింట్లో ఏం పొయ్యి మీదకెక్కినా ముందు ఆమె ముక్కుకే తెలియాలి. "ఏం వదినా, ఇయ్యాల బేస్తారమే గదా, ఐతారం గాకుంటనే యాటకూర వండుతున్నవా ఏంది? వాసన గల్లీ దాకా కొడుతున్నది!"

"కూరే," అంది అమృతమ్మ. "మాడింది."

చిట్టెమ్మ అయ్యో అయ్యో అనుకుంటూ వెళ్లిపోయింది. మొగుడూ పెళ్లామూ తడిసిన గోనెపట్టాకు చెరో పక్క కూర్చుండిపోయారు. ఏడవాలనుకుంది అమృతమ్మ. ఏడుపు రాలేదు. ఈ మధ్య ఆమెకు ఏదీ రావడంలేదు. ఆకలి వేళకు ఆకలి లేదు, కోపం వచ్చే చోట కోపం లేదు. మనసంతా మొద్దుబారి, మూలన పడేసిన తిరగలిరాయిలా కదలకుండా ఉంది.

"గిది మూడోసారి," అంది చివరికి.

"పనిల కాలుతయ్. నలభై ఏండ్ల సంది కాలుతనే ఉన్నయ్."

"అప్పుడు కాలితే అమ్మా అనేటోడివి. బూతులు తిట్టేటోడివి. ఇప్పుడు నేను జెప్తే గాని ఎరుకయితలేదు."

ఇన్నయ్య తడిసిన మీటను గుడ్డతో తుడవడం మొదలుపెట్టాడు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనే మనిషి. పోలీసు చర్యకు ముందు ఫౌజు బ్యాండు మరమ్మతుఖానాలో పనిచేసిన రోజుల్నుంచీ అంతే. బ్యాండు పోయింది, ఫౌజు పోయింది, ఆ మొండితనం మాత్రం మిగిలింది.

"డాక్టరమ్మ జెప్పి ఇరవై దినాలాయె," అంది అమృతమ్మ.

"మెల్లగ మాట్లాడు."

"ఆమె ఏం జెప్పింది? నెల దాటొద్దన్నది. మందులున్నయన్నది. ఇప్పుడు మొదలువెడితే వేళ్లు దక్కుతయన్నది. నెల దాటితే నేను మాటియ్యలేనన్నది. నువ్విన్నవు, నేనిన్న."

"అన్నది. నిజామాబాద్ దిక్కు దవాఖానకు పొమ్మన్నది. ఆ దవాఖాన పేరు జెప్పి బస్సు టికెట్ అడుగు, పక్క సీటోడు లేచి నిలవడతడు."

తార్నాకలో చిన్న దవాఖాన నడిపే కాత్యాయని డాక్టరమ్మ మంచి మనిషే. ఇన్నయ్య మోచేతి మీది తెల్లమచ్చకు గుండుసూది గుచ్చి, కోడి ఈక రాసి, కళ్లు మూసుకుని తెలిసిందో లేదో చెప్పమంది. ఆయన ఒక్కసారీ చెప్పలేకపోయాడు. ఆమె దాచకుండా పెద్దరోగమనే చెప్పింది. ముట్టుకుంటే అంటుకునేది కాదనీ, మాత్రలు మొదలుపెట్టాక ఇంట్లోవాళ్లకు భయమే ఉండదనీ, ఎందుకైనా మంచిది భార్యను కూడా ఒకసారి అక్కడ చూపించమనీ చెప్పి చీటీ రాసిచ్చింది. ఆ చీటీ నాలుగు మడతలు పడి ప్రార్థన పుస్తకంలో ఉండిపోయింది. ఒకటో తారీఖు రానీ అన్నాడు ఇన్నయ్య. ఒకటో తారీఖు వచ్చింది. కాన్వొకేషన్ కానీ అన్నాడు. అది ఎల్లుండి.

*

పది గంటలకు గల్లీ చివర స్కూటర్ చప్పుడయింది. ఉమాపతి సార్ వచ్చాడు. యూనివర్సిటీలో లెక్కలు చెబుతాడు, బ్యాండు బాధ్యత కూడా ఆయనదే. పాత ఫౌజు బ్యాండు పెట్టెల్లోంచి చిలుముపట్టిన ట్రంపెట్లనూ కార్నెట్లనూ బయటికి తీయించి, వాటికి ప్రాణం పోసేవాడి కోసం ఊరంతా వెతికి ఇన్నయ్యను పట్టుకున్నది ఆయనే. మూడేళ్లుగా ఈ ఇంటి పొయ్యి వెలుగుతున్నదంటే ఆ పెట్టెల పుణ్యమే.

ఇన్నయ్య కాలిన చేతికి తువ్వాల చుట్టుకుని వాకిట్లోకి వచ్చాడు.

"ఏమయ్యా ఇన్నయ్యా, మన నల్లపిల్ల తయారేనా?" అన్నాడు ఉమాపతి. నల్లపిల్ల అంటే ఆ క్లారినెట్టే. నల్లకర్రతో చేసింది. పెట్టెలో దొరికినప్పుడు దాని మెత్తలన్నీ ఎలుకలు కొట్టేశాయి, కర్ర ఎండి నెర్రెలివ్వడానికి సిద్ధంగా ఉంది. నెలరోజుల పాటు లోపలంతా బాదంనూనె పట్టించి ఇన్నయ్య దాన్ని మనిషిని చేశాడు.

"రేపు పొద్దుగాల తెస్త సార్."

"తొమ్మిదింటికి. రేపు రిహార్సల్, ఎల్లుండి అసలు పని. పెద్దలంతా నడిచి వచ్చేటప్పుడు మిగతా బ్యాండంతా ఆపేస్తుంది, మన రాజలింగు ఒక్కడే ఊదుతాడు. ఒక్క క్లారినెట్! పట్టుమని రెండు నిమిషాలు కూడా ఉండదు. అక్కడ గనక కూసిందా, నా పరువు గంగలో కలుస్తుంది."

"కూయదు సార్."

"నువ్వు ఊదివ్వాలి. పన్ను నొప్పీ గిన్ను నొప్పీ అంటే ఒప్పుకోను. రెండు నెలలయింది నువ్వు ఊది, పిల్లలు గునుస్తున్నారు."

అది ఫౌజు నాటి ఆచారం. బాగుచేసిన వాయిద్యాన్ని మొదట మిస్త్రీయే ఊదాలి. ఊది, ఆ తడి ఆరకుండానే వాయించేవాడి చేతికివ్వాలి. వాడు తుడవకుండా నోట పెట్టుకోవాలి. తుడిస్తే మిస్త్రీని కొట్టినంత అవమానం. ఇన్నయ్య నలభై ఏళ్లపాటు ఆ ఆచారాన్ని ప్రార్థనలా పాటించాడు. రెండు నెలల కిందట ఉన్నట్టుండి పన్ను నొప్పి అన్నాడు. ఆ మాట విన్న నాడే అమృతమ్మకు అనుమానం వచ్చింది. ఆయన పళ్లు చెరుకుగడను నిలువునా చీల్చే పళ్లు. డాక్టరమ్మ చెప్పకముందే ఆయనకు తన రోగం సంగతి తెలుసునని, ఆ పిల్లల నోళ్లకు తన నోరు తగలకూడదనే ఊదడం మానేశాడని ఆమెకు ఆ తరువాత అర్థమైంది. డాక్టరమ్మ అంటుకోదన్నాక కూడా ఆయన మళ్లీ ఊదలేదు.

"చేతికేమైంది?" అన్నాడు ఉమాపతి.

"కాలింది సార్. జరంత."

"ఏదీ, చూడనీ." ఆయన చెయ్యి చాపాడు. ఇన్నయ్య రెండడుగులు వెనక్కి వేసి గడపకు తగిలాడు. ఉమాపతి చెయ్యి కాసేపు గాలిలో ఉండి జేబులోకి వెళ్లింది.

"మందు రాయమ్మా," అని అమృతమ్మతో చెప్పి, స్కూటర్ ఎక్కి వెళ్లిపోయాడు.

*

మధ్యాహ్నం అన్నాలయ్యాక ఇన్నయ్య గోనెపట్టాను ఎండలోకి లాక్కుని, సిగరెట్ కాయితాల పొట్లం తీశాడు.

"రా, కూసో," అన్నాడు.

క్లారినెట్ మీటల కింద గుండ్రటి మెత్తలుంటాయి. మీట మూసుకుంటే మెత్త రంధ్రాన్ని గాలి చొరకుండా మూసెయ్యాలి. మూసిందో లేదో కంటికి కనబడదు. మెత్తకూ రంధ్రానికీ మధ్య పల్చటి సిగరెట్ కాయితం ముక్క పెట్టి, మీట మూసి, మెల్లగా లాగి చూడాలి. కాయితం బిగుసుకుని రానంటే మెత్త సరిగా కూర్చున్నట్టు. ఊరికే జారివస్తే అక్కడ గాలి పోతున్నట్టు. ఆ పట్టు వేలి కొసలకు తెలియాలి. ఒకప్పుడు ఇన్నయ్య వేళ్లకు అదే కాదు, ట్రంపెట్ గొట్టం లోపల కంటికి కనబడని సొట్ట కూడా తెలిసేది.

నాలుగు నెలల కిందట ఒకరోజు, "జర గీ కాయితం లాగు, నా చేతులకు నూనె ఉన్నది," అన్నాడు. మర్నాడు కూడా నూనే ఉంది. మూడోనాడు ఆయనేమీ అనలేదు, కాయితం చేతికిచ్చాడంతే. అప్పటినుంచీ ఈ ఇంట్లో ఆయన వేళ్ల పని అమృతమ్మ వేళ్లు చేస్తున్నాయి. ఆ సంగతి ఇద్దరూ ఒక్కసారి కూడా నోరు తెరిచి చెప్పుకోలేదు. పోయిన నాలుగు నెలల్లో ఒక్క వాయిద్యమూ తప్పుందని తిరిగి రాలేదు.

రెండు ముక్కలుగా విడదీసిన క్లారినెట్‌లో పై ముక్క ముందు పట్టుకున్నారు. ఆయన మీట మూస్తాడు, ఆమె లాగుతుంది.

"పట్టింది," అంది ఆమె.

ఇన్నయ్య సుద్దతో చిన్న చుక్క పెట్టాడు. తరువాతి మీట.

"పట్టింది."

జపమాల చెప్పినట్టు సాగింది పని. ఎండ నెత్తి మీద నుంచి గోడ మీదకు జరిగింది. అమృతమ్మ ఒళ్లు దగ్గర పెట్టుకుని, ఊపిరి బిగబట్టి, ఒక్కో కాయితాన్నీ మెల్లగా లాగింది. ఈ ఒక్క పనిలో మాత్రం ఆమె ఎన్నడూ బద్ధకించలేదు. పై ముక్క మీది మీటలన్నీ అయ్యాయి. అన్నీ పట్టాయి.

కింది ముక్క తీసుకుంటూ ఇన్నయ్య అన్నాడు, తలెత్తకుండానే: "కాన్వొకేషన్ అయినంక క్రిస్మస్ ఉన్నది గదా. మన గుడి బ్యాండు కార్నెట్లు ఆరున్నయట. ఒప్పుకున్న."

అమృతమ్మ చేతిలోని కాయితం ఆగిపోయింది.

"కాన్వొకేషన్ కాంగనే పోదామంటివి."

"క్రిస్మస్ అయినంక. మాట."

"నెల పదిరోజుల్ల దాటుతది. క్రిస్మస్ ఇరవై దినాలున్నది."

"డాక్టర్లు అట్లనే అంటరు. నాలుగు దినాలు అటో ఇటో. ఒక్కసారి పెట్టెలు చేతుల్నుంచి పోతే మల్ల వస్తయా? నేను గాడికి పోతే నా పేరు రాసుకుంటరు. పేరు రాసుకున్నంక ఏ పోరడు నేను ముట్టిన దాన్ని నోట్ల వెట్టుకుంటడు, జెప్పు?"

"పెట్టెలు పోతే కూలికి పోత. బట్టలుతుకుత. వేళ్లు పోతే యాడికెల్లి తెస్త?"

"ఊకో, అమృతా. లాగు."

ఈయన్ని ఎవరూ ఆపలేరని ఆమెకు ఆ క్షణాన తెలిసిపోయింది. దేవుడి మాటా వినడు. గుడిలో కుష్ఠురోగుల వాక్యం చదివిన ఆదివారం బయట గోడవారన నిలబడి బీడీ తాగి వచ్చిన మనిషి. ఇక పెళ్లాం మాట వింటాడా? పని ఉన్నంతకాలం కదలడు. పనే ఈయన్ని వదిలెయ్యాలి.

తరువాతి మీటకు ఆయన కాయితం పెట్టి మూశాడు. ఆమె లాగింది. కాయితం అడ్డూ ఆపూ లేకుండా జారివచ్చింది.

ఇన్నయ్య సుద్దముక్క పట్టుకుని ఎదురుచూస్తున్నాడు.

"ఏమైంది?"

"పట్టింది," అంది అమృతమ్మ.

ఆయన చుక్క పెట్టాడు. అనుమానమైనా రాలేదు మహానుభావుడికి. పెళ్లయిన ఇరవై ఎనిమిదేళ్లలో ఆమె ఆయనతో ఆడిన మొదటి అబద్ధం అది. శనివారం గుడిలో ఫాదర్ ముందు మోకరించి చెప్పుకోవాల్సిన పాపం. గుండె దడదడలాడుతుందనుకుంది. ఏమీ కాలేదు. మిగిలిన మీటలకు ఉన్నది ఉన్నట్టే చెప్పి, లేచి వెళ్లి రాత్రికి బియ్యం కడిగింది.

*

శుక్రవారం పొద్దున ఇద్దరూ లాలాపేట్ నుంచి తార్నాక మీదుగా నడిచే వెళ్లారు. ఇన్నయ్య చేతికి కట్టు ఉంది కాబట్టి పెట్టె అమృతమ్మ ఎత్తుకుంది. అది నేల తగలకుండా, కుదుపు తగలకుండా చంటిబిడ్డను మోసినట్టు మోసింది.

దారిపొడుగునా ఆమె ఒకే ఒక్క మాట వల్లెవేసుకుంటున్నది. 'సార్, ఆయన వేళ్లకు స్పర్శ లేదు. పని ఆపియ్యుండ్రి. దవాఖానకు తోలుండ్రి.' క్లారినెట్ కూస్తుంది. సార్ కారణం అడుగుతాడు. అప్పుడు చెప్పాలి. అందరి ముందూ చెప్పాలి, ఈయన మళ్లీ వెనక్కి తిరిగే దారి లేకుండా చెప్పాలి. ఆ తరువాత ఈయన తనతో మాట్లాడకపోయినా పర్వాలేదు.

యూనివర్సిటీ రాతికట్టడాల వెనకాల ఒక పొడుగాటి గదిలో బ్యాండు తయారుగా ఉంది. ఇరవైమంది దాకా పిల్లలు. రాజలింగు ముందుకొచ్చాడు. కరీంనగర్ దిక్కు పిల్లాడు, ఎమ్మే చదువుతున్నాడు. ఇన్నయ్యను బాబాయ్ అంటాడు.

"బాబాయ్, ఊదియ్యి," అన్నాడు.

"ఇయ్యాల కాదు బిడ్డా. చేతికి కట్టున్నది."

"చేత్తో ఊదుతవా ఏందే!" అని వెనకెవరో అన్నారు. నవ్వులు లేచాయి. ఇన్నయ్య కూడా నవ్వాడు.

రాజలింగు మొదలుపెట్టాడు. మొదటి నాలుగు స్వరాలు నూనెలా జారాయి. ఇన్నయ్య కళ్లు మూసుకున్నాడు. అమృతమ్మ పెట్టె పిడిని గట్టిగా పట్టుకుంది. స్వరం కిందికి దిగబోతూ ఒక్కసారిగా గొంతు చీరుకుపోయి మేకపిల్ల అరుపులా కూసింది. రాజలింగు ఆపి, పెదవులు సర్దుకుని, మళ్లీ ఊదాడు. మళ్లీ అంతే.

నవ్వులు ఆగిపోయాయి.

"ఇటివ్వు," అన్నాడు ఉమాపతి. తానే ఊది చూశాడు. తల అడ్డంగా ఊపి, పెట్టెలోంచి సిగరెట్ కాయితం తీసుకుని కిటికీ దగ్గరకు వెళ్లాడు. ఒక్కో మీట కిందా పెట్టి లాగసాగాడు.

ఇన్నయ్య కట్టున్న చెయ్యి వెనక దాచుకున్నాడు. "తప్పు నాది సార్," అన్నాడు. "దినమంత ఇయ్యుండ్రి, పొద్దుమూకె వరకు..."

"ఆయనది గాదు సార్," అంది అమృతమ్మ. గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. గదంతా ఆమెవైపు తిరిగింది. "కాయితం లాగింది నేను. ఆయన వేళ్లకు..."

"ఆగమ్మా, ఒక్క నిమిషం," అన్నాడు ఉమాపతి, కిటికీ దగ్గర నుంచే. "ఒకటైతే ఏదో పొరపాటు అనుకోవచ్చు. మూడున్నాయి. కింది ముక్క మీద ఒకటి. పై ముక్క మీద రెండు."

అమృతమ్మ వల్లెవేసుకున్న మాట నోట్లోనే ఉండిపోయింది.

"పై ముక్క మీద లెవ్వు సార్," అంది.

"ఉన్నాయమ్మా."

"లెవ్వు. ఒక్కొక్కటి నేనే లాగిన. పై ముక్కల అన్ని పట్టినయ్. ప్రభువు తోడు, అన్ని పట్టినయ్."

ఉమాపతి మంచివాడు. పదిమంది ముందు ఆడమనిషిని అబద్ధాలకోరును చెయ్యడం ఇష్టంలేక, క్లారినెట్ ఆమె ముందుకు పట్టుకుని వచ్చాడు. పై ముక్క మీద ఒక మీట కింద కొత్త కాయితం పెట్టి మూశాడు.

"నువ్వే లాగి చూడు," అన్నాడు.

ఆమె చూపుడువేలూ బొటనవేలూ కలిపి కాయితం కొస పట్టుకుంది. నిన్న ఎండలో లాగినట్టే, ఊపిరి బిగబట్టి, మెల్లగా లాగింది. పట్టింది. నిన్నటిలాగే పట్టింది. ఆ మాటే చెబుదామని తలెత్తింది.

"చూశావా?" అన్నాడు ఉమాపతి మెల్లగా. "గాలికి వచ్చినట్టు ఎట్లా జారి వచ్చేసిందో."

ముందు నిలబడ్డ పిల్లలు కూడా చూశారు. ఒకడు అవునన్నట్టు తలూపాడు. అమృతమ్మ తన చేతిలోని కాయితాన్ని చూసుకుంది. చిరగలేదు, ముడత కూడా పడలేదు. రెండో మీటకు కూడా పెట్టమని ఆమె అడగలేదు.

ఇన్నయ్య నిలబడ్డచోటి నుంచి కదిలాడు. రెండు నెలలుగా మనుషులకు దూరంగా జరుగుతున్న మనిషి, పిల్లల మధ్య నుంచి నేరుగా నడిచివచ్చి ఆమె పక్కన ఆగాడు. ఉమాపతి ఏదో అడుగుతున్నా వినిపించుకోలేదు. ఎవరికీ వినపడకుండా వంగి,

"ఏ వేలే, అమృతా?" అన్నాడు.